ఎర్రదీపం ఆరేదాకా

తాయారు టైపు మిషను ముందు కూచుంటే ఎదురుగా అద్దాల గది కనిపిస్తుంది. ఆ గదిలోకి కంప్యూటర్ వచ్చినప్పట్నుంచీ ఆమెకి రోజూ సాయంత్రం కోసమే ఎదురుచూపు.

పొద్దున్న సింహాచలం బస్సు దిగి, పాత పోస్టాఫీసు దగ్గర చేపల బుట్టల మధ్య దారి చేసుకుంటూ ఓడల ఏజెన్సీ ఆఫీసుకి చేరేసరికే ఆపరేటరు కామరాజు కంప్యూటర్ తెరిచేసి కూచుని ఉంటాడు. అందుకని తెరవడం ఎలాగో ఆమె ఎప్పుడూ చూడలేదు. మూయడం మాత్రం రోజూ చూస్తుంది. అదీ మామూలుగా కాదు, చేతిలో ఉన్న ఉత్తరం సగంలో ఆపేసి, ఊపిరి బిగబట్టి మరీ చూస్తుంది.

ఆమె టైపు హయ్యరు ఫస్టుక్లాసులో పాసయింది. ఏ అక్షరం ఏ వరసలో ఏ మూల ఉంటుందో ఆమె వేళ్ళకి తెలుసు. కామరాజుకి టైపు రాదు. చూపుడువేలితో ఒక్కొక్క మీటా వెతుక్కుని పొడుస్తాడు. అద్దం ఇవతల కూచుని ఆ వేలు ఎటు వెళ్ళిందో చూస్తే చాలు, ఏ అక్షరం పడిందో తాయారుకి తెలిసిపోతుంది. సాయంత్రం పని ముగించేటప్పుడు ఆ వేలు ముందు పైవరసలో కుడివైపు చివరికి వెళ్తుంది. పి. తర్వాత మధ్యవరస, ఎడమ చివర. ఏ. మళ్ళీ పైకి, ఆర్. మళ్ళీ మధ్యకి, కె. టేబులు కింద, ఒళ్ళో ఆమె వేళ్ళు కూడా అవే కొడతాయి. పార్క్. ఆ మాట పడగానే పెట్టె ముందున్న ఎర్రదీపం ఒకసారి వెలిగి ఆరుతుంది. అది ఆరేదాకా కామరాజు చేతులు కట్టుకుని కూచుంటాడు. ఆరాకే పెట్టె పక్కనున్న స్విచ్చి కిందకి లాగుతాడు. తర్వాత తెర, తర్వాత ప్రింటరు, తర్వాత కిందనున్న, కరెంటు పోయినా కాసేపు మిషనుని నడిపే బ్యాటరీ పెట్టె, ఆఖర్న గోడ మీద మెయిను. అన్నీ అయ్యాక పసుపురంగు గుడ్డ కప్పుతాడు.

ఒకసారి టీ తాగే వేళ ఉండబట్టలేక అడిగేసింది. "కామరాజు గారూ, ఆ పార్కు అంటే ఏంటండీ?"

కామరాజుకి మద్రాసు ట్రైనింగు సంగతులు చెప్పడమంటే ఇష్టం. గ్లాసు కింద పెట్టి చేతులు తిప్పుతూ చెప్పాడు. "లోపల ఓ పళ్ళేం గిర్రున తిరుగుతుంటాదండి. దాని మీద ఎంట్రుకవాసి ఎత్తులో సూదిలాటిది ఆడుతుంటాది. మనం రాసిందంతా ఆ పళ్ళేం మీదే. దబ్బున కరెంటు తీసేసేమనుకోండి, సూది దాని మీద పడి గీరేత్తాది. రాసిందంతా పోద్ది. అందుకని ముందు సూదిని ఓ మూలకి పంపీసి, అప్పుడు ఆపాలి." అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "ఇదంతా మీకెందుకులెండి" అన్నాడు.

ఎందుకో తాయారుకి మాత్రం తెలుసా? ఆ సాయంత్రం బస్సులో తన ఊరు అడివివరం దాకా కిటికీ పక్కన కూచుని, వెంట్రుకవాసి ఎత్తులో ఆడే సూదిని గురించే ఆలోచించింది. ఒంట్లో ఏదో గిలిగింతలాంటిది. ఆ గదిలో ఒక్కసారి కూచుంటే!

కూచోడానికి వీల్లేదు. మిషను వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, అందరూ లోపలికి వెళ్తుంటే గుమ్మం దగ్గర ఆమెని ఆపింది కామరాజే. "గాజులున్నోళ్ళు రాకూడదండి. గాజుల మీద స్టాటిక్ కరెంటుంటాది. ఒక్క మెరుపు మెరిసిందంటే లోపలున్నదంతా తుడుసుకుపోద్ది." మేనేజరు శ్రీరామ్మూర్తి గారు తలూపారు. కాకినాడ మనిషి, లెక్కల్లో గట్టివాడు, ఆ మిషనంటే మాత్రం ఆయనకి కొత్త అల్లుడి దగ్గరుండే మొహమాటం. ఇక అదే రూలైపోయింది. ఊడ్చే జోగమ్మ కూడా గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. లోపల కామరాజే ఊడ్చుకుంటాడు.

"సూసేవా తాయారమ్మా," అంది జోగమ్మ ఒకరోజు చీపురు పక్కన పెట్టి, లోగొంతుకతో. "ఆ బాబు సేతికి ఇనప గొలుసు గడియారం ఉందా నేదా? మరి దానికి కరెంటు పట్టదేటి?"

తాయారు అద్దంలోంచి కామరాజు మణికట్టు కేసి చూసింది. గడియారం తళతళా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ ఈ సంగతి తనకెందుకు తట్టలేదో అని నవ్వొచ్చింది, వెనకాలే కోపమొచ్చింది. అంతలో ఎర్రదీపం వెలిగింది. కోపం మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది.

నవంబరులో సముద్రం మీద వాయుగుండం పట్టింది. హార్బరులో ప్రమాద సూచిక ఎగరేశారు. రేవు బెర్తులో కట్టి ఉన్న ఓడ గాలి ముదిరేలోగా కదిలిపోవాలని కెప్టెను తొందరపెడుతున్నాడు. సరుకుల జాబితా కస్టమ్సు వాళ్ళకి చేరితే గానీ కదలడానికి లేదు. కామరాజు పొద్దుట్నుంచీ తల ఎత్తకుండా ఆ జాబితా మిషనులోకి ఎక్కిస్తున్నాడు. గ్రానైటు దిమ్మలు, ఎండుమిరప బస్తాలు, కొబ్బరిపీచు బేళ్ళు, జీడిపప్పు డబ్బాలు. ఎవరి సరుకు, ఎంత బరువు, ఏ ఊరికి.

భోజనాల తర్వాత జెట్టీ నుంచి కబురొచ్చింది. కెప్టెను ఏదో కాగితం మీద సంతకం పెట్టనని మొండికేశాడట. ఇంతకుముందు చాలాకాలం జెట్టీ మీద పనిచేసినవాడు గనక కామరాజునే పంపారు శ్రీరామ్మూర్తి గారు. గొడుగు తీసుకుని మెట్లు దిగుతూ కామరాజు వెనక్కి తిరిగి కేకేశాడు. "దాన్ని అలాగుండనీండి! వచ్చి పూర్తి సేత్తాను. గదిలోకి ఎవులూ ఎళ్ళకండి!"

అతను వెళ్ళిన కాసేపటికే వాన అందుకుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ ఉందో లేదో తెలియనంత వాన. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. జోగమ్మ గోనెపట్టాలు తెచ్చి కిటికీల కింద పరుస్తోంది. ట్యూబులైట్లు రెండుసార్లు మినుకుమన్నాయి, ఆరిపోయాయి.

ఆఫీసంతా చీకటి. అద్దాల గదిలో మాత్రం ఆకుపచ్చగా తెర వెలుగుతూనే ఉంది. ఆ వెంటనే బ్యాటరీ పెట్టె అరవడం మొదలెట్టింది. కూ, కూ, కూ. చెవులు చిల్లులు పడేటట్టు.

"ఏంటండీ ఈ గోల! పేలిపోతుందా ఏంటి?" శ్రీరామ్మూర్తి గారు గాభరాగా లేచి వెళ్ళి గది తలుపు తీశారు. కామరాజు ఏనాడూ ఆయన ముందు మిషను ఆపలేదు, అప్పటికే ఆయన ఇంటికి వెళ్ళిపోతారు. ఆయనకి తెలిసిందల్లా అరుస్తున్న పెట్టె ఒకటి, దానికో స్విచ్చి. వంగి దాని మీద చెయ్యేశారు.

తాయారు కుర్చీ ఎప్పుడు వెనక్కి పడిందో ఆమెకే తెలీదు. ఆఫీసులో ఆమె మాట ఎప్పుడూ పుస్తకం చదివినట్టుంటుంది. ఇప్పుడు నోట్లోంచి అడివివరం మాటే ఊడిపడింది. "ఆపకండి బాబో! సారూ, ఆపకండి! అదాపితే సూది పడిపోద్ది! పొద్దుట్నుంచీ ఎక్కించిందంతా పోద్ది!"

శ్రీరామ్మూర్తి గారు చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఆమె గుమ్మం దాటేసింది. గాజులు గలగలమన్నాయి. తలుపు రెక్కకి తగిలి ఒకటి చిట్లింది కూడా. మెరుపూ మెరవలేదు, ఏమీ తుడుచుకుపోలేదు.

"నీకొచ్చా?" అన్నారాయన.

"వచ్చండి" అంది. కుర్చీలో కూచుంది. కామరాజు ఎత్తుకి సరిపెట్టిన కుర్చీ, కాళ్ళు నేలకి సరిగా ఆనలేదు. మీటల మీద చేతులు పెట్టింది. ఎంత మెత్తగా ఉన్నాయి! తన టైపు మిషను మీద గుద్దినట్టు గుద్దక్కర్లేదు, తాకితే చాలు. తనది భయమో ఆనందమో తేల్చుకునే తీరిక లేదు. పి, ఏ, ఆర్, కె. పెద్ద మీట నొక్కింది.

ఎర్రదీపం వెలగలేదు.

తెర కేసి చూసింది. కొబ్బరిపీచు బేళ్ళ కింద, సరుకు పేరు రాయాల్సిన చోట, తను కొట్టిన మాట కుదురుగా కూచుని ఉంది. పార్క్. మిషను దాన్ని కూడా ఒక సరుకే అనుకుంది!

"ఏమైందీ?" అన్నారు శ్రీరామ్మూర్తి గారు వెనకనుంచి.

"కొంచెం ఆగండి సార్."

బ్యాటరీ పెట్టె కూతలు దగ్గర దగ్గరవుతున్నాయి. తాయారు కళ్ళు మూసుకుంది. అద్దం అవతల నుంచి చూసింది చూసినట్టు గుర్తు తెచ్చుకుంది. పార్కు కొట్టేముందు కామరాజు ఇంకేదో చేస్తాడు. ఏం చేస్తాడు? అప్పుడతను పక్కకి తిరుగుతాడు, వీపు అడ్డొస్తుంది, కనిపించదు. వీపు కనిపిస్తుంది కదా, ఆ వీపు ఏం చేస్తుంది? ఎడమకి వాలుతుంది. మోచెయ్యి వెళ్ళి కిటికీ పరదాకి తగులుతుంది, పరదా కదులుతుంది. అవును, రోజూ కదులుతుంది! అంటే ఆ మీట ఎడమ చివరెక్కడో ఉండాలి.

కళ్ళు తెరిచింది. అక్షరాలకి ఎడంగా, ఎడమ అంచున రెండు వరసల్లో ఆమె ఎరగని మీటలున్నాయి. మోచెయ్యి అంత పక్కకి పోవాలంటే మనిషికి దగ్గరున్న కిందదే అయ్యుండాలి. అట్టడుగున, అంచునున్న మీట నొక్కింది.

తెర కింది భాగంలో ఒక ప్రశ్న వచ్చింది. రాసింది దాచమంటావా, అవునా, కాదా. ఇంగ్లీషులో. తాయారు పెద్దగా నవ్వేసింది. మేనేజరు గారు వెనకే ఉన్నారన్న ధ్యాస కూడా లేదు. "దాచు, దాచు" అంటూ అవునని వై కొట్టింది. ఎర్రదీపం వెలిగింది! లోపల కరకరమని చప్పుడు. సూది తిరుగుతోంది, రాస్తోంది. ఆ చప్పుడు ఆమెకి అద్దం అవతల ఎప్పుడూ వినపడలేదు. బ్యాటరీ పెట్టె ఊపిరాడనట్టు అరుస్తోంది. దీపం ఇంకా ఆరలేదు.

"ఆపెయ్ తాయారూ, ఇంక ఆపెయ్!"

"ఆరనీండి సార్. ఆరేదాకా ముట్టుకోకూడదు."

దీపం ఆరింది. తెరంతా నల్లబడి, పైన చిన్న గుర్తు ఒక్కటే మిగిలింది. ఇదీ, ఇదీ ఆమె చూసిన తెర. పి, ఏ, ఆర్, కె. ఈసారి వేళ్ళు తడబడలేదు. దీపం వెలిగింది, పెట్టె లోపల ఎక్కడో మెత్తగా టక్కుమంది, ఆరింది. ఆమె లేచి పక్కనున్న స్విచ్చి కిందకి లాగింది. గుయ్‌మనే చప్పుడు సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. తెర ఆపింది, ప్రింటరు ఆపింది, బ్యాటరీ పెట్టె నోరు మూయించింది, గోడ మీద మెయిను దించింది.

ఒక్కసారిగా వాన చప్పుడే మిగిలింది.

"ఓలమ్మో," అంది జోగమ్మ గుమ్మంలోంచి, చేతిలో తడి గోనెతో. "పిల్లని జోకొట్టినట్టు జోకొట్టీసినావు!"

తాయారు పసుపురంగు గుడ్డ కప్పబోయింది గానీ చీకట్లో రెండు కొసలూ కుదరలేదు. రెండో కొస శ్రీరామ్మూర్తి గారు పట్టుకున్నారు.

తుఫాను రాత్రికి రాత్రి ఒరిస్సా వైపు మళ్ళింది. పొద్దున్నే రోడ్ల నిండా కొమ్మలు, రేకులు. తాయారు బస్సు సగం దారిలో ఆగిపోతే మిగతా దారి నడిచే వచ్చింది. నిద్ర లేదు. తను సరిగ్గా ఆపిందో లేదో మళ్ళీ తెరిస్తే గానీ తెలీదు. రాత్రంతా అదే ఆలోచన.

కామరాజు జెట్టీ దగ్గరే చిక్కుకుపోయి, మాసిన గడ్డంతో తిన్నగా ఆఫీసుకే వచ్చాడు. సంగతి విని గొడుగు గోడకి ఆనించి గదిలోకి నడిచాడు. అందరూ గది బయట గుమిగూడారు. అతను మెయిను వేశాడు, ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చి, ఆఖర్న పెట్టె స్విచ్చి పైకి నొక్కాడు. గుయ్‌మంది. తెర మీద అంకెలు పరుగెత్తాయి. ఆగాయి. కామరాజు వంగి ఏవో మీటలు కొట్టాడు. ఏమీ లేదు. తాయారు అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది. ఎర్రదీపం వెలిగింది. కరకరమంది. ఆకుపచ్చ అక్షరాలు బిలబిలమంటూ వచ్చేశాయి.

"ఉంది!" కామరాజు కేకేశాడు. "అంతా ఉంది! దిమ్మలున్నాయి, మిరప ఉంది, పీచుంది..."

తాయారు ఎగిరి గంతేయలేదు గానీ అంత పనీ అయింది. జోగమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కేసింది.

శ్రీరామ్మూర్తి గారు లోపలికి వెళ్ళి కళ్ళజోడు సవరించుకుని తెరలోకి వంగారు. "ఇదేంటి? పార్కు? ఇదేం సరుకు?" అర్థమై, తాయారు వైపు తిరిగారు. "చూశావా! ఇదే నేను భయపడింది. తెలియని చేతులు పెడితే ఇంతే మరి. ఇది కస్టమ్సు వాళ్ళ కళ్ళ పడుంటేనో?"

నిన్న గుడ్డ కొస పట్టుకున్న మనిషేనా అనిపించింది తాయారుకి. కానీ ఇవాళ ఫోన్లు పనిచేస్తున్నాయి. మద్రాసు హెడ్డాఫీసు వాళ్ళు మిషను సంగతి అప్పుడే అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి. ఆయన తాయారునే పిలిచి, తీగ మీద మద్రాసుకి పంపే టెలెక్సు సందేశానికి మాటలు చెప్పారు, ఆమె టైపు చేసింది: ఆపరేటరు కామరాజు ముందుగా ఇచ్చిన సూచనల ప్రకారం మిషనుని క్షేమంగా ఆపగలిగాం. టైపిస్టు అనుమతి లేకుండా తాకినందువల్ల చిన్న తప్పు దొర్లింది, సరిదిద్దుతున్నాం. ఇక ముందు ఇలా జరగదు.

తాయారు వేళ్ళు ఎప్పటిలాగే నడిచాయి. 'టైపిస్టు' అన్న మాట దగ్గర కూడా ఆగలేదు. చివరి వాక్యం కొట్టి, కాగితం లాగి, టేబులు అంచున పెట్టింది. అంతా చేసింది తను కాదట. చిన్న తప్పు మాత్రం తనదట. అయినా వింతేమిటంటే, పొద్దుట్నుంచీ ఉన్న ఆ ఉత్సాహం మాత్రం చావలేదు. దాన్నెవరూ టెలెక్సులో మార్చలేరు కదా.

కాగితం టెలెక్సు గదికి తీసుకెళ్ళాల్సింది కామరాజు. నిలబడే చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ తర్వాత టెలెక్సు గదికి కాకుండా మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది.

"సార్, ఇది తప్పండి."

"ఏది తప్పు? పార్కు సంగతా? తీసేశావుగా."

"అది కాదండి. నాను ఏ సూచనలూ ఇవ్వనేదు. ఎవులికీ ఇవ్వనేదు. గాజులని సెప్పి ఆవిణ్ణి గుమ్మంలోకే రానీనేదు."

"అది మద్రాసులో చెప్పిన రూలేగా?"

"స్టాటిక్ అని సెప్పేరండి," అన్నాడు కామరాజు. " గాజులని సెప్పనేదు. అది నానే కలిపేను." బయట టైపు మిషను చప్పుడు ఆగిపోయింది. అతను గొంతు తగ్గించలేదు. "ఆవిడకి పది వేళ్ళతో టైపొచ్చు. నాకు ఒక్క వేలు. ఆవిడ గానీ కూచుంటే నన్ను మళ్ళీ జెట్టీ మీద ఎండలో బస్తాలు లెక్కపెట్టుకోమని పంపేత్తారని భయమేసింది. నిన్న ఆవిడే నేకపోతే మిషనూ ఉండదు, నాకు సీటూ ఉండదు. ఈ కాగితం నాను పంపనండి."

శ్రీరామ్మూర్తి గారు కాగితం అందుకుని మొదట్నుంచీ చదివారు. నిన్న ఏ స్విచ్చి మీద తన చెయ్యి పడిందో ఆ టెలెక్సులో ఆయన చెప్పనే లేదు. కలం తీసి రెండు వాక్యాలు కొట్టేశారు. "తాయారూ, ఇంకో కాగితం పెట్టమ్మా" అన్నారు, మొహం కిటికీ వైపు తిప్పుకుని. ఈసారి చెప్పిన మాటల్లో ఆమె పేరుంది. ఇంటిపేరుతో సహా.

జాబితా కస్టమ్సు వాళ్ళకి చేరాక ఓడ మధ్యాహ్నం కదిలింది. సాయంత్రం తాయారు సంచీ సర్దుకుంటుంటే కామరాజు వచ్చి టేబులు దగ్గర నిలబడ్డాడు. ఎలా మొదలెట్టాలో తెలియనట్టు గడ్డం గోక్కున్నాడు.

"పి అన్నది ఎక్కడుంటాదో ఇప్పటికీ ఎతుక్కుంటన్నానండి. మీరు అద్దంలోంచి ఎలాగ సదివేరో నాకు బోధపడట్లేదు."

"టైపు నేర్పిస్తాను, రెండు నెలల్లో వచ్చేస్తుంది," అంది తాయారు. మనసులో కోపం పూర్తిగా పోలేదు, ఆ సంగతి దాచలేదు కూడా. "కానీ ఊరికే నేర్పను. ఆపడం నాకొచ్చు. తెరవడం నేర్పండి."

"మొదటి బస్సుకి రావాలి మరి."

"వత్తాను" అంది. ఆ మాట అడివివరంలో అన్నట్టే అంది.

మర్నాడు ఆమె వచ్చేసరికి చేపల బుట్టలు ఇంకా దిగలేదు. ఆఫీసు గేటు తాళం అప్పుడే తీస్తున్నారు. అద్దాల గదిలో రెండో కుర్చీ వేసి ఉంది, కానీ కామరాజు అందులో కూచుని మొదటి కుర్చీ చూపించాడు. తాయారు మెయిను వేసింది. బ్యాటరీ పెట్టె, ప్రింటరు, తెర. నిన్నటిదాకా తను చూసిందే, వెనకనుంచి ముందుకి. స్విచ్చి పైకి నొక్కింది. పెట్టె గుయ్‌మంటూ లేచింది, అంకెలు పరుగెత్తాయి, ఎర్రదీపం వెలిగింది. ఇంతేనా! ఇంత సులువా!

తెర మీద ఒక వాక్యం వచ్చి ఆగింది. దాని చివర చిన్న గీత మినుకు మినుకుమంటూ ఎదురుచూస్తోంది.

"ఏటడుగుతోంది?"

"తారీకు," అన్నాడు కామరాజు. "ఆపీసేమంటే ఇక దీనికి ఇయ్యాళ ఏ రోజో తెలీదండి. రోజూ పొద్దున్నే మనవే సెప్పాలి."

తాయారు చీర కొంగు నడుముకి దోపుకుని, కుర్చీ ముందుకి జరుపుకుంది. మీటల కేసి చూడకుండా తారీకు కొట్టింది.